కారు బీసీఎం నిజంగానే పోయిందా? పరీక్షించి, నిర్ధారించుకుని, మార్చుకునే పద్ధతి

స్విచ్చు ముట్టుకోకుండానే వైపర్లు తిరుగుతాయి. తాళం వేసి ఇంట్లోకి వెళ్లాక ఇండికేటర్లు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. రిమోట్ నొక్కితే ఒక తలుపు తెరుచుకుంటుంది, మిగతా మూడూ మొరాయిస్తాయి. ఇలాంటి లక్షణాలతో కారు తీసుకెళ్తే తిరుపతిలో చాలా షాపుల్లో ముందుగా వినిపించే మాట ఒకటే: "బీసీఎం పోయింది స్వామీ, కొత్తది వేయాలి." బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్, లైట్లు, వైపర్లు, తాళాల లాంటివి నడిపే చిన్న కంప్యూటర్. ఆ మాట నిజమైతే వేలల్లో ఖర్చవుతుంది. నిజం కాకపోయినా ఖర్చు అంతే అవుతుంది, జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. బీసీఎం మీద నేరం మోపే ముందు దాని చుట్టూ ఉన్నవన్నీ పరీక్షించి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ మార్గదర్శిలో మార్చడం కంటే నిర్ధారించడానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

మన ఊళ్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పొగమంచు కమ్మిన తెల్లవారుజామున రెండో ఘాట్ రోడ్డులో తిరుమల ఎక్కుతుంటే హెడ్‌లైట్లు ఆరిపోయినా, వానలో మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో దిగుతుంటే వైపర్లు ఆగిపోయినా ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. లక్షణాలు కనబడుతున్న కారును బాగయ్యే వరకూ అలిపిరి దాటించవద్దు.

బీసీఎం చేసే పని

బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనేది ఇంజనుతో నేరుగా సంబంధం లేని విద్యుత్ పనులు చూసుకునే చిన్న కంప్యూటర్. లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్, సెంట్రల్ లాక్, పవర్ విండోలు, లోపలి దీపాలు, అలారం సాధారణంగా దీని పరిధిలోకి వస్తాయి. కొన్ని కార్లలో తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ కూడా ఇందులోనే ఉంటుంది.

పాత కార్లలో స్విచ్చు వేస్తే కరెంటు ఆ స్విచ్చు మీదుగానో, రిలే మీదుగానో బల్బుకు వెళ్లేది. ఇప్పుడు స్విచ్చు నుంచి వెళ్లేది చిన్న సంకేతమే. బీసీఎం దాన్ని అందుకుని, ఏం చేయాలో నిర్ణయించి, తన లోపలి ట్రాన్సిస్టరు ద్వారానో రిలే ద్వారానో బల్బుకు కరెంటు పంపుతుంది. అంటే ఒక పని జరగాలంటే ఆరు సక్రమంగా ఉండాలి: బీసీఎంకు అందే కరెంటు, ఆ కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి అయిన ఎర్త్, స్విచ్చు నుంచి వచ్చే సంకేతం, మిగతా కంప్యూటర్లతో మాట్లాడే లైను, లోపలి నిర్ణయం, బయటికి వెళ్లే కరెంటు దారి. వీటిలో నిర్ణయం ఒక్కటే పూర్తిగా పెట్టె లోపల జరుగుతుంది. మిగిలిన ఐదింటిలో ఎక్కువ భాగం బయటి వైర్లలో, కనెక్టర్లలో, ఫ్యూజుల్లో ఉంటుంది. అవి ఎండకు, వానకు, ఎలుకలకు, అదనపు సామాన్లు బిగించేవారి కత్తెరకు దొరుకుతాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మంచి మల్టీమీటర్, అన్ని మాడ్యూళ్లనూ (కారులోని కంప్యూటర్లను) చదవగల స్కానర్, మీ మోడల్, మీ సంవత్సరం వైరింగ్ డయాగ్రం, కనెక్టరు వెనుక నుంచి వైరును తాకే సన్నటి ప్రోబులు, ఇంకా 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి చేసుకున్న టెస్ట్ ల్యాంపు. డయాగ్రం లేకుండా మొదలుపెట్టవద్దు. ఒకే మోడల్‌లో వేరియంటును బట్టి పిన్నులు మారిపోతాయి. వైరు రంగు చూసి ఊహించడం ప్రమాదం.

ఫోనుకు కలిపే చవక బ్లూటూత్ పరికరాలు చాలావరకు ఇంజను లోపాల కోడ్లే చూపిస్తాయి, బీసీఎం జోలికి వెళ్లవు. అందులో కోడ్లు లేవని కనిపించినంత మాత్రాన బీసీఎం బాగున్నట్టు కాదు. ఇంకో జాగ్రత్త: టెస్ట్ ల్యాంపును కరెంటు, ఎర్త్, బల్బు, మోటారు వైర్ల మీదే వాడాలి. సంకేతాల వైర్ల మీద గానీ, ఎయిర్‌బ్యాగు వైర్ల మీద గానీ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగు కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని మీటరుతో కూడా ముట్టుకోవద్దు.

ఒక పని ఆగిందా, చాలా పనులు ఆగాయా?

కారు దగ్గర కూర్చుని బాగున్నవి, పాడైనవి కాగితం మీద రాసుకోండి. ఒకే ఒక్క పని ఆగిపోతే బీసీఎంను చివరికి వదిలేయండి. ఒక తలుపు అద్దం మాత్రమే దిగడం లేదంటే ఆ మోటారు, ఆ స్విచ్చు, లేదా తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో తెగిన వైరు కారణమవుతుంది. తలుపు తీసి వేసిన ప్రతిసారీ ఆ వైర్లు వంగుతాయి. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగిపోయి ఉంటుంది. గొట్టం వెనక్కి లాగి ఒక్కో వైరునూ మెల్లగా లాగి చూస్తే, తెగినది రబ్బరులా సాగుతుంది.

ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులు ఒకేసారి తప్పుగా నడుస్తుంటే కరెంటు, ఎర్త్, నెట్‌వర్క్, నీళ్లు, బీసీఎం అన్న వరుసలో అనుమానించాలి. ఎప్పుడు వస్తుందో కూడా రాసుకోండి. వాన తర్వాతా, వాటర్ సర్వీసింగ్ తర్వాతా, గతుకుల మీదా, ఎండలో నిలిపినప్పుడా? మే నెలలో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మూసిన కారు లోపల ఇంకా ఎక్కువ. ఎండలో నిలిపినప్పుడు మాత్రమే జబ్బు బయటపడి, ఏసీ వేసి కాస్త చల్లబడగానే మాయమవుతుంటే బీసీఎం లోపల టంకం చిట్లి ఉండవచ్చు. హెయిర్ డ్రయ్యరుతో పెట్టెను మెల్లగా వేడి చేసి చూస్తే ఆ అనుమానం తీరుతుంది.

మొదట బ్యాటరీ

దేశమంతటికీ బ్యాటరీలు పంపే అమరరాజా కర్మాగారం మన కరకంబాడిలోనే ఉంది. అయినా వోల్టేజీ చూడకుండా కంప్యూటరును తప్పుబట్టడం ఇక్కడా మామూలే. రాత్రంతా కదలకుండా నిలిపిన కారులో పొద్దున్నే కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగమే. అంతకన్నా తక్కువుంటే ఛార్జి చేసే వరకు ఏ పరీక్షా నమ్మదగ్గది కాదు. ఇంజను స్టార్టు చేసే క్షణంలో 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీయో, దాని టెర్మినళ్లో బలహీనంగా ఉన్నట్టు. వోల్టేజీ పడిపోయినప్పుడు బీసీఎం మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. తలుపుల తాళాలు టకటకమనడం, డ్యాష్‌బోర్డు దీపాలు మినుకుమనడం చాలాసార్లు ఇందువల్లే.

ఇంజను నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. తర్వాత మీటరును ఏసీ వోల్టుల వైపు తిప్పి బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆల్టర్నేటరులోని డయోడ్లను అనుమానించాలి. ఆ కలుషితమైన కరెంటు కంప్యూటర్లన్నిటినీ తికమక పెడుతుంది.

ఫ్యూజులు, ఎర్త్: ఎక్కువ కార్లు బాగయ్యేది ఇక్కడే

బీసీఎంకు ఒక్క ఫ్యూజు ఉండదు. ఎప్పుడూ కరెంటు ఉండే దారి ఒకటి, తాళంచెవి తిప్పితే వచ్చేది ఒకటి, లైట్లకు, తాళాలకు వేరువేరు దారులు ఉంటాయి. ఏది పోయినా ఆ వరుస పనులే ఆగుతాయి. ఫ్యూజును పైకి తీసి కళ్లతో చూస్తే చాలదు. దాన్ని అలాగే ఉంచి, టెస్ట్ ల్యాంపు ఒక కొసను ఎర్త్‌కు కలిపి, రెండో కొసను పైన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీదా ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి. రెండు వైపులా ఒకేలా వెలగాలి.

ఎర్త్ పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని తప్పుగా చేసేవాళ్లే ఎక్కువ. మీటరును ఓముల్లో పెట్టి ఎర్త్ వైరును కొలిస్తే, పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా బాగున్నట్టే చూపిస్తుంది. మీటరు పంపే కరెంటు చాలా తక్కువ కాబట్టి ఆ ఒక్క పోగు సరిపోతుంది. నిజమైన భారం పడ్డప్పుడు సరిపోదు. అందుకే బరువు మోపి వోల్టుల్లో కొలవాలి. హెడ్‌లైట్లు, వైపర్లు, వెనుక అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫాగర్ వేయండి. మీటరు నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర ప్రోబు బీసీఎం ఎర్త్ పిన్ను వెనుక పెట్టండి. కనెక్టరు ఊడదీయకూడదు. 0.1 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగుంది. 0.3, 0.5 చూపిస్తే తుప్పు పట్టిన బోల్టో, వదులైన కనెక్టరో దారిలో ఉంది. వోల్టు దాటితే ఇక బీసీఎంను వదిలేసి ఎర్త్ బోల్టు వెతకండి. బ్రేకు తొక్కితే ఇండికేటరు మెరవడం, హారన్ కొడితే లోపలి దీపం మసకబారడం ఎర్త్ సరిగా లేని కారు గుర్తులు. కరెంటు తన దారి మూసుకుపోయి పక్క బల్బు మీదుగా తిరిగి వస్తుంటుంది.

పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి. బ్యాటరీ పాజిటివ్ నుంచి బీసీఎం కరెంటు పిన్ను వరకు 0.2, 0.3 వోల్టులు దాటి తేడా ఉండకూడదు.

నీళ్లు, ఎలుకలు, అదనపు సామాన్లు

2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పుడు సీట్ల వరకు నీళ్లు చేరిన కార్లు ఎన్నో. అంత వరద రాకపోయినా, ఈశాన్య రుతుపవనాల వానలకు బీసీఎంలోకి నీళ్లు చేరడం మనకు ప్రతి ఏడూ ఉండే బెడదే. ముందు అద్దం అంచు రబ్బరు వదిలినా, చెట్టు కింద నిలిపిన కారులో వైపర్ల కింది కాలువ ఆకులతో పూడినా, సన్‌రూఫ్ గొట్టాలు మూసుకుపోయినా నీళ్లు డ్యాష్‌బోర్డు వెనక్కి దిగుతాయి. ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోతే నీళ్లు కారు లోపలే కారుతాయి. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి, దాని అడుగు పొరను చేత్తో నొక్కి చూడండి. పైన పొడిగా ఉన్నా కింది స్పాంజి నీళ్లు మోస్తూ ఉండవచ్చు.

కనెక్టరు తీసి టార్చి వెలుగులో పిన్నులను ఒక్కొక్కటిగా చూడండి. ఆరోగ్యంగా ఉన్న పిన్ను మెరుస్తుంది. నీళ్లు తగిలినదాని మొదట్లో పచ్చటి పొడి, కొన్నిసార్లు తెల్లటి ఉప్పు లాంటి పొర కనిపిస్తుంది. పక్కపక్క రెండు పిన్నుల మధ్య ఆ పొర వంతెన కట్టిందంటే, స్విచ్చు వేయకుండానే వేసినట్టు బీసీఎంకు సంకేతం అందుతుంది. వైపర్లు వాటంతట అవే తిరిగేది అప్పుడే. కాంటాక్ట్ క్లీనరు కొట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. ఉప్పు కాగితంతో గీకితే పిన్ను పై పూత పోయి నెలల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. పెట్రోలు వాడితే నిప్పు భయం. ఎలా శుభ్రం చేసినా, నీళ్లు వచ్చే దారి మూయకపోతే చేసిందంతా వృథా. కొత్త బీసీఎం కూడా అదే నీళ్లలో తడుస్తుంది.

కారు వరదలో మునిగితే తాళంచెవి తిప్పవద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, ఫొటోలు తీసి, ఏదీ విప్పకముందే బీమా కంపెనీకి తెలియజేయండి. సర్వేయరు చూడకముందే విప్పితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

తర్వాత అదనంగా బిగించినవన్నీ చూడండి. కంపెనీ ఇచ్చిన హెచ్4 హెడ్‌లైట్ బల్బు హై బీముకు 60, లో బీముకు 55 వాట్లది. దాని స్థానంలో 100 వాట్లది పెడితే సుమారు ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది. బీసీఎం లోపలి ట్రాన్సిస్టరు దాన్ని షార్టుగా భావించి కరెంటు ఆపేయవచ్చు. కొన్ని కార్లలో పదే పదే అలా జరిగితే ఆ దారిని పూర్తిగా మూసేస్తుంది, స్కానరుతో తెరిస్తే తప్ప మళ్లీ వెలగదు. డ్యాష్ కెమెరా, అదనపు హారన్, బయట వేయించిన రిమోట్ లాక్, నాసిరకం ఎల్‌ఈడీలు, ఏవి ఉన్నా కంపెనీ వైరింగు నుంచి విడదీసి, ఒకట్రెండు రోజులు నడిపి చూడండి.

స్కానరుతో అసలు విచారణ

బీసీఎం స్కానరుకు జవాబిస్తోందా అన్నది మొదటి ప్రశ్న. జవాబివ్వకపోగా మిగతా మాడ్యూళ్లలో యు0140 కోడు ఉంటే, బీసీఎంతో మాటలు తెగిపోయాయని అవి ఫిర్యాదు చేస్తున్నాయని అర్థం. బీసీఎం చచ్చిపోయిందని ఆ కోడు చెప్పదు. ఫ్యూజు పోయినా, ఎర్త్ లేకపోయినా, లైను తెగినా అదే కోడు వస్తుంది. బి అక్షరంతో మొదలయ్యే కోడ్లు బాడీకి సంబంధించినవి. వాటిలో చాలావాటి అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ కారు మాన్యువల్లోనే చూడాలి. అన్నీ రాసుకున్నాకే చెరపండి.

జవాబిస్తుంటే పని సులువు. లైవ్ డేటా తెరిచి, పని చేయని స్విచ్చును నొక్కుతూ తెర మీద చూడండి. నొక్కినా తెర మీద మారకపోతే సంకేతం లోపలికి రావడం లేదు, కాబట్టి స్విచ్చు, దాని వైరు చూడాలి. మారుతోంది కానీ పని జరగడం లేదంటే స్కానరులోని యాక్టివ్ టెస్టుతో నేరుగా ఆజ్ఞ ఇవ్వండి. ఆజ్ఞకు వైపరు కదిలితే మోటారు, వైరు, బీసీఎం లోపలి ట్రాన్సిస్టరు అన్నీ బాగున్నట్టే, చిక్కు కోడింగులోనో (బీసీఎంకు మీ కారు వివరాలు చెప్పే అమరికలో) మరో షరతులోనో ఉంది. కదలకపోతే బీసీఎం నుంచి బయటికి వచ్చే పిన్ను దగ్గర ఆజ్ఞ ఇస్తూ వోల్టేజీ చూడండి. అక్కడ 12 వోల్టులు వస్తుంటే తప్పు ముందున్న వైరుది, మోటారుది. రాకపోతే ఆ వైరును విడదీసి, దాని స్థానంలో టెస్ట్ ల్యాంపు కలిపి మళ్లీ ఆజ్ఞ ఇవ్వండి. సంకేతం అందుతూ, కరెంటు, ఎర్త్ బాగుండి, బయట షార్టు లేకుండా, ఆ ల్యాంపు కూడా వెలగలేదంటే, అప్పుడు, అప్పుడే, బీసీఎం పోయిందని చెప్పవచ్చు. కొన్ని పిన్నులు కరెంటు పంపవు, ఎర్త్ ఇస్తాయి. అక్కడ ల్యాంపు రెండో కొసను బ్యాటరీ పాజిటివ్‌కు కలపాలి. ఏది ఏదో డయాగ్రం చెబుతుంది.

జవాబివ్వకపోతే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను కొలవాలి. బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలాగి, స్కానరు కలిపే ఓబీడీ పోర్టులో 6, 14 పిన్నుల మధ్య ఓములు చూడండి. లైను రెండు కొసల్లో 120 ఓముల చొప్పున రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి. బ్యాటరీ మళ్లీ కలిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఆ రెండు పిన్నులూ రెండున్నర వోల్టులకు అటూ ఇటూగా కొద్ది తేడాతో ఉండాలి. ఒకటి సున్నాకో, 12కో అతుక్కుని ఉంటే షార్టు. అప్పుడు మాడ్యూళ్లను ఒక్కొక్కటిగా విడదీస్తూ ఏది తీయగానే లైను కోలుకుంటుందో చూడండి. గేట్‌వే (పోర్టుకూ లోపలి లైన్లకూ మధ్య నిలిచే మాడ్యూల్) ఉన్న కార్లలో పోర్టు దగ్గర కొలిస్తే లోపలి బాడీ లైను కనిపించదు, బీసీఎం కనెక్టరు దగ్గరే కొలవాలి.

కొత్తదా, పాతదా, రిపేరా?

నిర్ధారణ అయ్యాక కూడా ముందు రిపేరు గురించి అడగండి. బోర్డు మీద టంకం చిట్లడం, రిలే కాలిపోవడం లాంటివైతే మంచి ఎలక్ట్రానిక్స్ పనివాడు బాగుచేయగలడు. పైగా పాత డేటా అలాగే ఉంటుంది, కోడింగు బాధ తప్పుతుంది. నీళ్లకు బోర్డు పొరలు పాడైతే మాత్రం రిపేరు నిలవదు.

మార్చాల్సిందే అయితే పార్టు నంబరు పూర్తిగా, చివరి అక్షరం దాకా కలవాలి. కనెక్టరు సరిపోయినంత మాత్రాన అది మీ వేరియంటుది కాదు. చవక కోసం చెన్నై పుదుపేట నుంచి పాతది తెచ్చేవాళ్లున్నారు. నా సలహా: ఇమ్మొబిలైజర్ బీసీఎంలోనే ఉన్న కారైతే పాతది కొనవద్దు. దాంట్లో వేరే కారు ఛాసిస్ నంబరు, వేరే తాళంచెవుల గుర్తులు ఉంటాయి. చాలా కంపెనీల్లో వాటిని మామూలు స్కానరుతో మార్చడం కుదరదు, కారు స్టార్టు కాకుండా నిలిచిపోవచ్చు. కొన్ని కార్లలో ఓడోమీటరు లెక్క కూడా ఇందులో ఉంటుంది, అది తేడా వస్తే అమ్మేటప్పుడు మీ మీదే అనుమానం వస్తుంది. కొనే ముందు కోడింగు ఎవరు చేస్తారో, వాళ్ల దగ్గర మీ మోడల్‌కు అవకాశం ఉందో ఖాయం చేసుకోండి.

విప్పడం, బిగించడం

పాత బీసీఎం మాట్లాడుతున్నంతలో దాని కాన్ఫిగరేషన్ మొత్తాన్ని స్కానరులో భద్రపరచండి. ఇది అన్నిటికన్నా విలువైన పని. తర్వాత ఈ వరుసలో వెళ్లండి:

1. అద్దాలు కొద్దిగా దించి, డిక్కీ తెరిచి ఉంచండి. తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి కనీసం 10 నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగుల్లో నిలిచిన కరెంటు దిగిపోవాలి.
2. బీసీఎం డ్రైవరు వైపు డ్యాష్‌బోర్డు కిందో, గ్లవ్ బాక్సు వెనుకో, కాళ్ల దగ్గరి పక్క ప్యానెల్ వెనుకో ఉంటుంది. కొన్ని కార్లలో ఫ్యూజు బాక్సుకే అతుక్కుని వస్తుంది. ప్లాస్టిక్ పనిముట్టుతో ప్యానెళ్లు తీయండి. స్క్రూడ్రైవరు పెడితే క్లిప్పులు విరుగుతాయి.
3. కనెక్టర్ల ఫొటో తీసి, లాకు మీటను పూర్తిగా తిప్పాకే లాగండి. వైరు పట్టుకుని లాగవద్దు.
4. కారు బాడీ లోహాన్ని ఒకసారి తాకి, ఆ తర్వాతే కొత్తదాన్ని కవరులోంచి తీయండి. పిన్నులు వంగలేదని చూసి, కనెక్టర్లు క్లిక్కుమనే వరకు నొక్కండి.
5. పాత స్థానంలోనే, పాత దిశలోనే బిగించి బ్యాటరీ కలపండి.

కోడింగు

కొత్త పెట్టెకు మీ కారులో వెనుక వైపరు ఉందో లేదో, ఫాగ్ ల్యాంపులు ఉన్నాయో లేదో తెలియదు. అది చెప్పడమే కోడింగు. మొదలుపెట్టే ముందు బ్యాటరీకి స్థిరంగా 13 వోల్టులకు పైగా ఇచ్చే సపోర్టు ఛార్జరు కలపండి. మామూలు ఛార్జరు వోల్టేజీ ఊగుతుంది. మధ్యలో కరెంటు తగ్గినా, ల్యాప్‌టాప్ ఆరిపోయినా కొత్త బీసీఎం అక్కడికక్కడే పనికిరాకుండా పోవచ్చు. భద్రపరచిన కాన్ఫిగరేషన్, తర్వాత ఛాసిస్ నంబరు, తర్వాత తాళంచెవులు, ఇదీ సాధారణ వరుస. ఇంట్లో ఉన్న తాళంచెవులన్నీ ఆ రోజు వెంట తీసుకెళ్లండి. కొన్ని కార్లలో ఆ రోజు చూపించనివి తర్వాత పనిచేయవు. షోరూములో అయితే ఆర్‌సీ, గుర్తింపు కార్డు అడగడం న్యాయమే, అవి దగ్గర ఉంచుకోండి.

చివరగా ఒక్కో అద్దాన్నీ పూర్తిగా ఎక్కించి స్విచ్చును కొన్ని క్షణాలు అలాగే పట్టుకోండి. ఆటో పనికి హద్దులు నేర్పడం ఇదే. కోడ్లు చెరిపి, ఇగ్నిషన్ ఆపి, కాసేపాగి మళ్లీ స్కాన్ చేయండి.

ఇంటికి తెచ్చుకునే ముందు

మొదట రాసుకున్న కాగితం తీసి ప్రతి పనినీ పరీక్షించండి. లైట్లు, వైపర్లు, డీఫాగర్ అన్నీ ఒకేసారి వేసి ఒక పావుగంట ఉంచండి. ముందు అద్దం మీద పైపుతో నీళ్లు పోసి, లోపల కార్పెట్ కింద చేయి పెట్టి చూడండి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరులో మీటరు కలిపి, కారుకు తాళం వేసి అరగంటకు పైగా వదిలి, నిద్రలో ఎంత కరెంటు లాగుతోందో కొలవండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. దాటితే బీసీఎం నిద్రపోకుండా ఉండవచ్చు, కోడింగులో ఏదో మిగిలి ఉండవచ్చు.

ఘాట్ ఎక్కించే ముందు కొన్నాళ్లు రేణిగుంట, చంద్రగిరి వైపు రాత్రిపూట నడిపి చూడండి. పాత బీసీఎంను షాపులో వదలకుండా తెచ్చుకోండి. అందులో మీ తాళంచెవుల గుర్తులుంటాయి. కొత్తదానికి మళ్లీ ఏమైనా వచ్చినా, ఆ డేటానే ఆధారమవుతుంది. కొత్త పార్టు నంబరు, కాన్ఫిగరేషన్ ఫైలు కాపీ, ఎర్త్ దగ్గర కొలిచిన వోల్టులు రాసిన కాగితం సర్వీసు పుస్తకంలో పెట్టుకోండి. తర్వాత ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే చూపించండి.